బవేరియా వారి పందిమాంసపు వంట: ఒక గృహశాస్త్ర పాఠము

మన చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో రాగిసంగటి నెరుగని బాలబాలికలుండరు. వేడిముద్దను పులుసులో అద్దుకొని మ్రింగుట మనకు చిన్ననాటనే అలవడిన విద్య. జర్మనీ దేశపు దక్షిణభాగమైన బవేరియాలోని జనులును ఇట్టి ముద్దలను తిందురు. వారి ముద్ద ఉర్లగడ్డలతో చేయబడును. దాని పేరు క్నోడెల్. దానికి తోడు పందిమాంసమును కాల్చునపుడు ఊరిన రసము. ఆ మాంసపు వంటను ష్వైనెబ్రాటెన్ అందురు. ఈ మాంసము తినువారు మనలో కొందరు, తిననివారు అనేకులు. అయినను ఈ పాఠము ఉభయులకును అవసరమని చివరకు తెలియగలదు.

కావలసిన వస్తువులు

చర్మముతోకూడిన ముందుకాలి పైభాగపు మాంసము ఒకటిన్నర కిలో, ఉప్పు 3 చిన్న చెంచాలు, షాజీర 2 చెంచాలు, మిరియాలపొడి 1 చెంచా, వెల్లుల్లి 4 రెబ్బలు, ఉల్లిగడ్డలు 2, కారెట్లు 2, నీరు అరలీటరు. బవేరియావారు నీటికి బదులు బీరును పోయుటయు కలదు. అది లేకున్నను వంటకు లోపము లేదు.

చేయు విధము

మొదట చర్మపుభాగమును మరుగునీటిలో పదినిమిషములుంచిన మెత్తబడును. అప్పుడు పదునైన కత్తితో చర్మముపై అడ్డముగను నిలువుగను గాట్లు పెట్టవలెను. గాటు మాంసమునకు తగులరాదు. ఉప్పు, మిరియాలపొడి, షాజీర, నూరిన వెల్లుల్లి బాగుగా పట్టించవలెను. పళ్లెములో ఉల్లి, కారెట్టు ముక్కలు పరచి, నీరు పోసి, చర్మము పైకి వచ్చునట్లు మాంసమును పెట్టి, 170 డిగ్రీల ఓవెనులో రెండు మొదలు రెండున్నర గంటలు కాల్చవలెను. నడుమ నడుమ అడుగురసమును మాంసముపై పోయుచుండవలెను. కడపటి పదునైదు నిమిషములు వేడిని 220 డిగ్రీలకు పెంచిన చర్మము అప్పడమువలె కరకరలాడును. ఓవెను లేనివారు మందపాటి పాత్రలో మాంసమును ఎఱ్ఱగా వేయించి, నీరు పోసి, మూతపెట్టి సన్నని సెగపై రెండుగంటలు ఉడికింపవచ్చును. చర్మము కరకరలాడదు, మాంసము మాత్రము మెత్తగా నుండును.

ఇందలి శాస్త్రము

కండలను కలిపి పట్టియుంచు గట్టి పదార్థము కొల్లాజెను. తడిలో చాలసేపు వేడి తగిలినపుడు అది జిగురుగా మారి కరగును. అందుచేతనే ముదురు మాంసమునకు గొప్పమంటకంటె దీర్ఘకాలపు సెగ మేలు.

ముఖ్యమైన హెచ్చరిక

1865వ సంవత్సరమున జర్మనీలోని హేడర్స్‌లేబెన్ అను గ్రామములో పచ్చి పందిమాంసము తిని 300కు పైగా జనులు జబ్బుపడిరి. సుమారు నూరుమంది మరణించిరి. కారణము కంటికి కానరాని ట్రికినెల్లా అను పురుగు. మాంసమును సూక్ష్మదర్శినితో పరీక్షించుట నిర్బంధము కావలెనని రుడాల్ఫ్ విర్షో అను వైద్యశాస్త్రజ్ఞుడు పోరాడెను.

మన దేశమున ఎక్కువ భయము బద్దెపురుగు వలన. పురుగుతిత్తులున్న మాంసములో బియ్యపుగింజలవంటి తెల్లని పొక్కులు కనబడును; అట్టిదానిని కొనరాదు. మాంసపు నడిభాగము 63 డిగ్రీలకు వేడెక్కిన పిదప మూడు నిమిషములు ఊరకుంచవలెను. ఖీమా అయినచో 71 డిగ్రీలు కావలెను. ఉష్ణమాపకము లేనిచో లోపల ఎఱుపు మిగులకుండ ఉడికింపవలెను.

సరిగా ఉడకని మాంసము తిన్నవాని ప్రేగులలో బద్దెపురుగు పెరుగును. వాని మలముతో వెలువడిన గ్రుడ్లు నీటిలోను, ఆకుకూరలపైనను, కడుగని చేతులలోను చేరి ఇతరుల కడుపులోనికి పోవును. అచ్చటినుండి మెదడునకు చేరి తిత్తులుకట్టిన మూర్ఛలు వచ్చును. పందిమాంసమును జన్మలో ముట్టనివానికి సైతము ఈ జబ్బు రావచ్చును. ఇది ప్రబలియున్న ప్రదేశములలో మూర్ఛరోగులలో సుమారు 30 శాతమునకు ఇదియే కారణమని ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలుపుచున్నది.

కావున విద్యార్థులారా, మరుగుదొడ్డినే వాడుడు. భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుడు. పచ్చికూరలను శుభ్రమైన నీట కడిగి తినుడు. మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవి పెట్టి, గాలిచేష్టయని ఊరకుండక, వైద్యునకు చూపుడు. ఇది మందుతో లొంగు జబ్బు. వంట ఏ దేశపుదైనను, దానిని వండు చేతులు శుభ్రముగా నుండుట మొదటి నియమము.