‘బహుశా’ అన్న మాట విన్న రోజున



కొండపల్లి బొమ్మ చేతిపనితోనే తయారవుతుంది. తెల్లపొణికి కర్రను చెక్కాలి, ఆకురాయితో నునుపు చేయాలి, చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి ముక్కలు అతకాలి, చివరకు సన్నని కుంచెతో కళ్ళు దిద్దాలి. ఆ పనిలో జీవితం గడిపిన ఒక ఇంటి పెద్దను ఊహించుకుందాం. ఒకనాడు కుంచె పట్టు జారుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. బొటనవేలి మొదట్లో కండ కరిగినట్లు ఇల్లాలు గమనిస్తుంది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. చేతిమీద కండ మాత్రం దానంతటదే అదురుతుంది. విజయవాడలో నరాల డాక్టరుగారు చూసి, “బహుశా ఇది మోటార్ న్యూరాన్ వ్యాధి తొలిదశ. ఇంకా పరీక్షలు చేయాలి” అంటారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది?

ఈ వారం ఆ రాత్రిని గురించీ, తర్వాతి రోజులను గురించీ ఆలోచిద్దాం.

ఈ వ్యాధి ఏమిటి?

కదలమనే ఆజ్ఞను మెదడు నుంచి వెన్నుపాముకూ, అక్కడి నుంచి కండరాలకూ చేరవేసే కణాలే మోటార్ న్యూరాన్లు. అవి క్షీణిస్తే చేయి, కాలు, మాట, మింగడం, చివరకు ఊపిరి బలహీనపడతాయి. చూపు, స్పర్శ సాధారణంగా నిలుస్తాయి. చాలామందికి ఆలోచన కూడా చెక్కుచెదరదు. ఇది అంటువ్యాధి కాదు, దిష్టి కాదు, చేతబడి కాదు. పుట్టుగుడ్డివాని విషయంలో ‘ఎవరి పాపం?’ అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే తోసిపుచ్చారు. మనమూ ఆ ప్రశ్న వేయవద్దు. వంశంలో నుంచి వచ్చేది సుమారు పదిమందిలో ఒకరికే.

‘బహుశా’ అంటే?

ఈ వ్యాధిని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఒక్కటంటూ లేదు. అందుకే 1990లో స్పెయిన్‌లోని ఎల్ ఎస్కోరియల్‌లో నరాల వైద్యులు సమావేశమై నాలుగు మెట్లు ఏర్పరిచారు: అనుమానం, అవకాశం, బహుశా, నిశ్చయం. 2020లో వెలువడిన కొత్త నియమాలు ఆ మెట్లను తీసివేసినా, ఆ మాటలు డాక్టర్ల నోట ఇంకా వినిపిస్తుంటాయి. కనుక ‘బహుశా’ అంటే ఉత్త ఊహ కాదు, తుదితీర్పూ కాదు. ఇంకా జాగ్రత్తగా వెతకవలసిన దశ అది.

ఎందుకంటే ఈ వ్యాధిలా కనిపించే ఇతర జబ్బులున్నాయి. మెడ ఎముకలు అరిగి వెన్నుపాము నొక్కుకుపోతే ఆపరేషన్ మేలు చేయవచ్చు. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి అనే నరాల జబ్బుకు ఇమ్యునోగ్లోబ్యులిన్ చికిత్స ఉంది. యువకులకు ఎక్కువగా ఒక చేతికి వచ్చే హిరాయమా వ్యాధి కొన్నేళ్ళు ముదిరి సాధారణంగా ఆగిపోతుంది. మద్రాసు వైద్యులు 1970లో వర్ణించిన మరో రకం మన దక్షిణాదిలోనే ఎక్కువగా కనిపించింది. అది చిన్న వయసులో మొదలవుతుంది, వినికిడిని తగ్గిస్తుంది, కానీ నెమ్మదిగా నడుస్తుంది. అందుకే నరాల, కండరాల విద్యుత్ పరీక్షలు, మెడ ఎం.ఆర్.ఐ. మానవద్దు. హైదరాబాదులోని నిమ్స్‌లోనో, బెంగళూరులోని నిమ్హాన్స్‌లోనో రెండో అభిప్రాయం అడగడం తప్పు కాదు.

వ్యాధి నిశ్చయమైతే, నిజం దాచకుండా చెప్పుకోవాలి. పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. అమెరికాలో 1995లో ఆమోదం పొందిన రిలుజోల్ ఆయుష్షును కొన్ని నెలలు పొడిగిస్తుంది. ఎక్కువమంది రెండు నుంచి ఐదేళ్ళు జీవిస్తారు. పదిమందిలో ఒకరు పదేళ్ళు దాటుతారు. స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, 21 ఏళ్ళ వయసులో, రెండేళ్ళే గడువన్నారు. 1986లో ఆయన పోపుగారి విజ్ఞానశాస్త్ర అకాడమీ సభ్యుడయ్యారు. 2018లో 76వ ఏట మరణించారు. అది అరుదైన సంగతి. దాన్ని చూపి ఎవరికీ మాట ఇవ్వలేము. అయినా గడువు చెప్పడం ఎంత కష్టమో అది తెలుపుతుంది.

ఇంట్లో ఏమి చేయాలి?

మన ఇళ్ళలో రోగికి చెప్పకుండా దాచడమే ప్రేమ అనుకుంటాం. ఈ వ్యాధిలో అది అన్యాయం. రేపు మాట సన్నగిల్లవచ్చు. తన మాట తాను చెప్పగలిగిన కాలం ఇదే. ఊపిరికి యంత్రం, ఆహారానికి గొట్టం అవసరమైతే తన కోరిక ఏమిటో ఆయననే అడగండి. భారమై, ఫలితానికి మించిన చికిత్సను వదులుకోవచ్చని, మామూలు సంరక్షణ మాత్రం ఎన్నడూ మానరాదని 1992 నాటి శ్రీసభ సత్యోపదేశం నేర్పుతుంది. పొలం కాగితాలు, అప్పులు, పిల్లల సంగతులు మాట్లాడుకోండి. ఉలి పట్టే ఒడుపును కొడుకుకో కూతురికో ఇప్పుడే నేర్పనివ్వండి. గ్యారంటీగా నయం చేస్తామనే వారిని నమ్మి పొలం అమ్మవద్దు.

అభ్యంగనం ఎప్పుడు?

వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చివరి ఊపిరి కోసం దాచిన సంస్కారం కాదు. తీవ్రమైన వ్యాధి మొదలైనప్పుడే గురువులను పిలవండి. వ్యాధి ముదిరితే మళ్ళీ పొందవచ్చు. గుణదల మాత తిరునాళ్ళు ముగిసే ఫిబ్రవరి 11నే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1992లో ప్రకటించారు. ఆ కొండ ఎక్కలేనివారిని ఎక్కించడం విచారణ యువకుల పని. మొక్కుకోవచ్చు, మందు మానకూడదు.

గెత్సేమని తోటలో ప్రభువు ఆ పాత్ర తొలగిపోవాలనే ప్రార్థించారు. కనుక భయపడడం అవిశ్వాసం కాదు. ఆ రాత్రి ఆయన స్నేహితులను కోరింది తనతో కొంతసేపు మేలుకొని ఉండమనే. వారు నిద్రపోయారు. ‘బహుశా’ అన్న మాట విన్న ఇంటికి వెళ్ళినప్పుడు, ‘దేవుని చిత్తం’ అని చెప్పి లేచి రాకండి. కాసేపు కూర్చోండి. ఆసుపత్రికి తోడు వెళ్ళండి. ఆయన చొక్కా గుండీ పెట్టండి.

కుటుంబంలో ఆలోచించడానికి:

1. మన ఇంట్లో ఎవరికైనా ఇటువంటి మాట వస్తే, మొదట ఎవరితో చెప్పుకుంటాం?

2. మన వీధిలో ఇప్పుడు అలా ఎదురుచూస్తున్నవారు ఎవరు? ఈ వారం వారి ఇంటికి ఎవరు వెళ్తారు?