సెల్లార్ నీళ్లు తోడే పంపుకి టెండరు

2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి, చైతన్యపురి పక్కనున్న కోదండరాంనగర్ లాంటి కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. వీధిలో నీళ్లు వాటంతటవే పోతాయి. సెల్లార్లో నిలిచినవి పోవు, మోటారు పెట్టి తోడించాలి. ఆ మోటారు అర్ధరాత్రి పనిచేస్తుందా, మొరాయిస్తుందా అన్నది కొన్ని నెలల ముందు ఆఫీసులో తయారైన టెండరు కాగితాల్లోనే చాలావరకు తేలిపోతుంది. ఒక కార్పొరేషన్ అలాంటి డీజిల్ పంపులు పది కొనాలనుకుందని అనుకుందాం. ఆ కాగితాలు ఎవరికీ అన్యాయం జరక్కుండా ఎలా తయారవ్వాలో మొదటి నుంచి చూద్దాం.

ముందుగా అవసరాన్ని లెక్కగట్టాలి. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న సెల్లార్లో మీటరున్నర నీళ్లు నిలిస్తే 3 లక్షల లీటర్లు. ఆరు గంటల్లో ఖాళీ చేయాలంటే పంపు గంటకు 50,000 లీటర్లు తోడాలి. సెల్లార్ లోతు, పైన రోడ్డు ఎత్తు, పైపులో రాపిడి కలిపి 8 మీటర్లనుకుంటే, అంత ఎత్తుకి ఎక్కించి తోడాలి. వరద నీళ్లలో బురద, కవర్లు, చెప్పులు అన్నీ ఉంటాయి కాబట్టి ఎంత లావు ముక్క లోపల ఇరుక్కోకుండా బయటికి పోవాలో మిల్లీమీటర్లలో రాయాలి. స్పెసిఫికేషన్ అంటే దాదాపు ఇంతే.

అన్యాయం కూడా ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. అవసరం లెక్కగట్టే ఓపిక లేకో, వేరే ఉద్దేశంతోనో, ఒక కంపెనీ కేటలాగు ముందు పెట్టుకుని అందులోని బరువు, ట్యాంకు సైజు, ఇంజను కొలతలు ఉన్నవున్నట్టు దించేస్తారు. ఆ అంకెలు ఒక్క మోడల్‌కే సరిపోతాయి. తర్వాత ఎన్ని బిడ్లు వచ్చినా అది పేరుకే పోటీ. అందుకే ప్రతి అంకెనూ ‘ఇది ఎందుకు?’ అని అడగాలి. జవాబు లేని అంకెను కొట్టేయాలి. మిగిలిన దానికి కనీసం ముగ్గురు తయారీదారుల పంపులు సరిపోతున్నాయో లేదో మార్కెట్లో చూసుకోవాలి.

అర్హత షరతులదీ అదే దారి. 15 లక్షల సరుక్కి 20 కోట్ల టర్నోవరు ఎందుకు? ‘ఇదే ఆఫీసుకు గతంలో సరఫరా చేసి ఉండాలి’ అని రాస్తే కొత్తవాళ్లకు తలుపులు మూసినట్టే. ఒకసారి రాసిన షరతుని మాత్రం అందరికీ వర్తింపజేయాలి. బొంబాయి విమానాశ్రయంలో హోటల్ నడిపే టెండరుకి అయిదేళ్ల అనుభవం ఉన్న రెండో తరగతి హోటల్‌దారు కావాలని ప్రకటించి, ఆ అర్హత లేనివాళ్లకి ఇచ్చారు. తాను పెట్టిన షరతుకి ప్రభుత్వ సంస్థ తానే కట్టుబడాలని 1979లో రమణ దయారామ్ శెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ పిటిషనర్ ఆలస్యంగా వచ్చారని ఆ కాంట్రాక్టుని రద్దు చేయలేదు. కోర్టు తర్వాత దిద్దుతుందిలే అనుకుంటే ఇలా కూడా అవుతుంది.

ధరను ఎలా పోల్చుతారో కూడా ముందే చెప్పాలి. ఒక పంపు లక్షా 20 వేలు, గంటకు 2 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఇంకోటి లక్షా 35 వేలు, లీటరున్నర తాగుతుంది. ఏడాదికి 300 గంటల చొప్పున అయిదేళ్లు నడిస్తే రెండోదానికి 750 లీటర్లు మిగులుతాయి. లీటరు 95 రూపాయలనుకుంటే 71,250 రూపాయలు. అంటే ఎక్కువ ధర పంపే చవక. అయితే ఈ లెక్క టెండరులో ఉంటేనే న్యాయం. కవర్లు తెరిచాక కడితే అదే పక్షపాతం.

ఇక ప్రకటన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ రాకముందు టెండర్ బాక్సు దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి, బయటివాళ్లని షెడ్యూల్ వేయనివ్వని రోజులుండేవి. ఆన్‌లైన్‌తో ఆ కాపలా పోయింది, గడువుతో ఆడే ఆట మిగిలింది. వానలు జూన్‌లో వస్తాయని తెలిసీ మేలో ఇండెంట్ (కొనాలన్న కోరిక పత్రం) పెట్టి, అర్జెంటంటూ వారం గడువుతో షార్ట్ టెండర్ పిలిస్తే, కబురు ముందే అందినవాళ్లే వేయగలరు. ఇండెంట్ జనవరిలో కదలాలి. బిడ్డర్లు ప్రీబిడ్ మీటింగ్‌లో అడిగిన సందేహానికి జవాబు ఒకరి చెవిలో పడితే సరిపోదు, అందరికీ కనిపించేలా పోర్టల్లో పెట్టాలి. షరతు మారితే కారిజెండం (సవరణ ప్రకటన) ఇవ్వడంతో పాటు గడువూ పెంచాలి.

తెరిచేటప్పుడు ముందు టెక్నికల్ బిడ్, అందులో నెగ్గినవాళ్లదే ప్రైస్ బిడ్. ఒకరికి సర్టిఫికెట్ తెచ్చుకోమని రెండు రోజులిస్తే, అదే లోపం ఉన్న మిగతావాళ్లకీ ఇవ్వాలి. ధరలు బయటపడ్డాక ఎల్1, అంటే అందరికంటే తక్కువ వేసినవాళ్లు, ఎవరో చూసి ఊరుకోకూడదు. రెండు బిడ్లు ఒకే కంప్యూటర్ నుంచి వచ్చాయా, రేట్లు ఒకే శాతం తేడాతో వరసగా ఉన్నాయా, ఓడినవాడే ప్రతిసారీ సబ్‌కాంట్రాక్టరుగా తేలుతున్నాడా అని వెతకాలి. రింగయ్యి బిడ్లు వేయడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం కింద నేరుగా నిషిద్ధం. నిర్ణయం అయ్యాక కంపారిటివ్ స్టేట్‌మెంట్‌ను, ఓడినవాళ్లు ఎందుకు ఓడారన్న కారణాలను సమాచార హక్కు దరఖాస్తుకోసం ఆగకుండా బయట పెట్టాలి.

చాలామంది న్యాయం ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. నా దృష్టిలో సరుకు దిగే రోజు కూడా టెండరులో భాగమే. 50,000 లీటర్లు రాసి 35,000 తోడే పంపుని ‘సర్దుకుందాంలే’ అని తీసుకుంటే, అసలైన పంపుకి అసలైన ధర వేసి ఓడిపోయిన వ్యాపారిని మోసం చేసినట్టే. ఈ వెసులుబాటు ముందే తెలిసుంటే అతనూ తగ్గించి వేసేవాడు. అందుకని బిల్లు మీద సంతకానికి ముందే పరీక్ష పెట్టాలి. పంపుని కింద నీళ్ల తొట్టి పక్కన దించి, పైపు చివరను, రాపిడితో కలిపి 8 మీటర్లు అయ్యే ఎత్తున్న స్లాబు మీదికి ఎక్కించి, అక్కడ వెయ్యి లీటర్ల ఖాళీ ట్యాంకు ఉంచి, ఓడిన బిడ్డర్లని కూడా పిలిచి స్టాప్‌వాచ్ నొక్కాలి. ట్యాంకు 72 సెకన్లలో నిండాలి. పది పంపులకీ ఒక్కొక్కటిగా.