ఒకే వ్యాధి – వేర్వేరు లెక్కలు

పక్షవాతం అనగానే వార్ధక్యం, రక్తపోటు, మధుమేహం స్ఫురిస్తాయి. సాధారణంగా మెదడుకు రక్తాన్ని అందించే ధమనులలో అడ్డంకి ఏర్పడినపుడు ఈ వ్యాధి వస్తుంది. కాని మెదడు నుండి రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరలలో రక్తం గడ్డకట్టినా పక్షవాతం కలుగవచ్చు. మొత్తం పక్షవాతాలలో ఈ రకం సుమారు నూటికి ఒకటి మాత్రమే. విడువని తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ దీని ముఖ్య లక్షణాలు. ఇది ఎక్కువగా యువతీయువకులనే బాధిస్తుంది.

ఈ వ్యాధి అన్ని సమాజాలలో ఒకే తీరున ఉండదు. 21 దేశాలకు చెందిన 624 మంది రోగులను పరిశీలించి 2004లో వెలువరించిన అధ్యయనంలో నలుగురిలో ముగ్గురు స్త్రీలే. వారిలో గర్భనిరోధక మాత్రలు వాడినవారు చాలామంది. హైదరాబాదులోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ 2002–2010 మధ్య 428 మంది రోగుల వివరాలు నమోదు చేయగా, వారిలో సగానికి పైగా పురుషులు. రక్తహీనత, మద్యపానం ముఖ్య కారణాలలో నిలిచాయి. బాలింతలు నూటికి పదిమంది మాత్రమే. అంతకు రెండు మూడు దశాబ్దాల ముందు మన దేశపు వైద్యుల నివేదికలలో బాలింతల సంఖ్యే అధికం. ఇంత స్వల్పకాలంలో జాతి రక్తం మారదు. మారినవి ప్రసవ పద్ధతులు, ఆహారం, అలవాట్లు.

లెక్కించే సాధనం మారినా లెక్క మారుతుంది. ఏటా పది లక్షల మందిలో ముగ్గురు నలుగురికే ఈ వ్యాధి వస్తుందని పూర్వం భావించేవారు. నెదర్లాండ్స్‌లో 2012లో ప్రచురితమైన అధ్యయనం ఆ సంఖ్య పదమూడని తేల్చింది. స్కానింగు వలన గుర్తింపు పెరగడం ఇందుకు ఒక ముఖ్య కారణం. గుర్తింపబడని రోగి ఏ లెక్కలోనికీ రాడు.

ఖమ్మం జిల్లా వేంసూరు వంటి మారుమూల మండలాల వారు గ్రహించవలసినది ఇదే. ప్రసవానంతరం కొన్ని వారాలపాటు రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే హెచ్చుగా ఉంటుంది. పచ్చి బాలింతకు నీరు ఎక్కువగా ఇవ్వరాదన్న నమ్మకం తెలుగు పల్లెలలో పలుచోట్ల ఉంది. దాహం తీరని దేహంలో రక్తం మరింత చిక్కబడుతుంది. అప్పుడు వచ్చిన తీవ్రమైన తలనొప్పిని చలిగాలి సోకిన ఫలమని ఉపేక్షిస్తే విలువైన కాలం వృథా అవుతుంది. రక్తాన్ని పలుచబరచే మందులు సకాలంలో అందినవారిలో అధికులు కోలుకుంటారు.

కనుక ఈ వ్యాధి అరుదైనదన్న మాట అశ్రద్ధకు ఆధారం కారాదు. బాలింతకు తగినంత నీరు, పోషకాహారం అందించడం, తగ్గని తలనొప్పికి వెంటనే వైద్యుని ఆశ్రయించడం ప్రతి కుటుంబపు కర్తవ్యం.

అర్థాలు
వార్ధక్యం = ముసలితనం
సిర = రక్తాన్ని గుండెకు చేర్చే నాళం
ఉపేక్షించు = పట్టించుకోకపోవు

ప్రశ్నలు
1. ఒకే వ్యాధి వేర్వేరు సమాజాలలో వేర్వేరుగా కనిపించడానికి గల కారణాలను వివరించండి.
2. "గుర్తింపబడని రోగి ఏ లెక్కలోనికీ రాడు" – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.