లేనిదాని నుండి ఉన్నది పుట్టునా?

దివిసీమలో హంసలదీవి వేణుగోపాలస్వామిని సేవించి సాగరసంగమమునకు నడచు యాత్రికుడు త్రొక్కు నేల ఎక్కడిది? మహాబలేశ్వరమున పుట్టిన కృష్ణమ్మ దారిపొడవునా కొండలను, రేగడి భూములను ఒరసికొని తెచ్చిన ఒండ్రుమట్టియే పులిగడ్డ దిగువ రెండు పాయల నడుమ సీమయైనది. గుడివాడ మాగాణులకును అదియే మూలము. ఎగువ జలాశయములలో మట్టి నిలిచిపోవుటచే ఇటీవలి దశాబ్దములలో తీరము కొన్నిచోట్ల కోతకు గురియగుచున్నది. మట్టి రానిచో నేల లేదు. ఇంతకంటె దగ్గరి దృష్టాంతము మనకు అక్కరలేదు.

అయినను, "జగత్తు శూన్యము నుండి పుట్టినదని భౌతికశాస్త్రము చెప్పుచున్నదట, నిజమా?" అని చదువుకొన్న పిల్లలు ఇండ్లలో అడుగుచున్నారు. ప్రశ్న తగినదే. గద్దించి ఊరకుండజేయుట తగదు.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతువునకు ఈ విషయమునే బోధించెను. అసత్తు నుండి సత్తు కలుగుట పొసగదని అచట ఆయన నిర్ణయము. తైత్తిరీయమున మాత్రము మొదట అసత్తే ఉండెనను మాట కలదు. రెండింటికి పొత్తు ఎట్లు? భగవద్రామానుజులు శ్రీభాష్యమున ఈ చిక్కును విడదీసిరి. అచట అసత్తనగా బొత్తిగా లేకుండుట కాదు, నామరూపములు విడివడని సూక్ష్మస్థితి. సూక్ష్మములైన చిదచిత్తులు శరీరముగా గల పరబ్రహ్మమే కారణము. స్థూలములైన చిదచిత్తులు శరీరముగా గల ఆ బ్రహ్మమే కార్యము. మార్పు శరీరమునకే గాని స్వరూపమునకు కాదు. మట్టిముద్ద కుండయైనట్లు అవస్థ మారినది, వస్తువు క్రొత్తగా రాలేదు.

కనబడనిదానిని లేదనుట ఎంత సులభమో మచిలీపట్నమున జరిగిన ఒక వృత్తాంతము తెలుపును. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు మద్రాసు వేధశాల నుండి నార్మన్ పోగ్సన్ ఆ పట్టణమునకు వచ్చెను; ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరున నిలిచెను. గ్రహణవేళ సూర్యుని అంచున లేచిన జ్వాలల వెలుగును విడదీసి చూడగా ఒక పసుపు గీత కనబడినది. అది భూమిపై తెలిసిన ఏ పదార్థమునకును చెందదని పిమ్మట ఇంగ్లండులో లాకియర్ తలచెను. సూర్యుని గ్రీకు నామమును బట్టి ఆ క్రొత్త పదార్థమును హీలియమనిరి. అట్టిది లేనేలేదని శంకించినవారును కలరు. 1895లో రామ్సే ఒక యురేనియపు ఖనిజము నుండి దానిని వెలికిదీసెను. 27 ఏండ్లు "లేనిది" రాతిలోనే ఉండెను! సూర్యునిలో హైడ్రోజను కలయికచే ఆ హీలియము ఏర్పడుచుండగా, సెకనుకు సుమారు 40 లక్షల టన్నుల ద్రవ్యరాశి తేజస్సుగా మారుచున్నది. అదియు రూపాంతరమే.

ఇక శాస్త్రజ్ఞుల శూన్యము. గాలిని పూర్తిగా తీసివేసిన చోటను సూక్ష్మమైన స్పందనము అణగదు. అట్టి చోట రెండు లోహపు పలకలు ఒకదానినొకటి ఆకర్షించునని 1948లో కాసిమిర్ గణించెను. 1997లో ఆ బలమును స్పష్టముగా కొలిచిరి. కావున ఆ శూన్యము అభావము కాదు. 1982లో విలెన్‌కిన్ ఇంకొక అడుగు వేసి, స్థలకాలములు కూడ లేని స్థితి నుండి విశ్వము పుట్టవచ్చునని ప్రతిపాదించెను. ఇది ప్రయోగముచే తేలినది కాదు. అందును ప్రకృతి నియమములు ముందే ఉండవలెను. అవి ఎక్కడివనిన గణితము బదులు చెప్పదు. అంతమాత్రమున, "ఇదిగో శాస్త్రమే మా స్వామిని ఒప్పుకొన్నది" అని మనము చేయెత్తరాదు. ఋషులకు హీలియము తెలియునని చెప్పుటయు భక్తి కాదు.

"మరి భగవంతుడు ఎచటనుండి వచ్చెను?" అనియు పిల్లలు అడుగుదురు. పుట్టినదానికే కారణము వెదకవలెను. ఆయన పుట్టినవాడు కాడని సిద్ధాంతము. ఇది విశ్వాసము యొద్ద నిలుచు సమాధానమని దాచనక్కరలేదు.

దివిసీమవారికి ఈ విచారణ వట్టి తర్కము కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన వేలమందిని పొట్టన బెట్టుకొన్నది. లేనిదాని నుండి ఉన్నది పుట్టగలిగినచో, ఉన్నది లేనిదైపోవుటయు సాధ్యమే. అప్పుడు ఆ పోయినవారు ఏమైరి? గీత రెండవ అధ్యాయము ఈ రెండింటిని కలిపియే కాదన్నది. నాశమనగా నామరూపములను విడుచుట; జీవుడు నిత్యుడు. ఆ ఇండ్ల గృహస్థులు తిథినాడు పోయినవారిని పేరు, గోత్రము చెప్పి పిలుచునది ఆ నమ్మికతోనే.