ఫాలో ఆన్ – లక్ష్మణ్ ఆట

మన రాజోలిలో అందరం బ్యాటు పట్టేవాళ్ళమే. కాని ఐదు రోజుల టెస్టు మ్యాచి లెక్క చాలామందికి తెలియదు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

టెస్టులో ఒక్కో జట్టుకు రెండు ఇన్నింగ్సులు. మొదటి ఇన్నింగ్సులో రెండో జట్టు 200 పరుగులు గాని అంతకు మించి గాని వెనకబడితే, వెంటనే మళ్ళీ బ్యాటింగు చేయమని ఎదుటి కెప్టెన్ అనవచ్చు. దీన్నే ఫాలో ఆన్ అంటారు.

2001 మార్చిలో కోల్‌కతాలో మనకు ఇదే జరిగింది. ఆస్ట్రేలియా 445, మనం 171. అప్పటికి వాళ్ళు వరుసగా 16 టెస్టులు గెలిచి ఉన్నారు. మన 171లో 59 పరుగులు హైదరాబాదు ఆటగాడు వి.వి.ఎస్. లక్ష్మణ్‌వి. అందుకే ఆరో నంబరు నుంచి మూడో నంబరుకు పంపారు. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రావిడ్ ఒక్క వికెట్టూ పడనియ్యలేదు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 కొట్టారు. ఐదో రోజు హర్భజన్ 6 వికెట్లు తీశాడు. 171 పరుగుల తేడాతో గెలిచాం. మొదట చేసిందీ 171, గెలిచిందీ 171తోనే!

2003 ప్రపంచకప్ జట్టులో లక్ష్మణ్‌కు చోటు దక్కలేదు. అయినా ఆట మానలేదు. 2012లో రిటైరయ్యే నాటికి 134 టెస్టులు, 8781 పరుగులు, 17 సెంచరీలు.

క్వార్టర్లీ మార్కులు చూసి కొందరు పెట్టె సర్దుకొని ఊరికి పోతామంటున్నారు. అది మొదటి ఇన్నింగ్సే. యాన్యువల్ ఇంకా ఉంది. వార్డెన్ సారుకు నా మనవి: లెక్కలకు సాయంత్రం ఇంకో గంట స్టడీ పెట్టించండి సార్. పోయేవాళ్ళు ఆగుతారు.