పోటీ పరీక్షల ప్రత్యేకం: కరిగిన జింకుకు ఎంత వేడి కావాలి?

హాలహర్వి, ఆదోని పొలాల్లో మోటారు బోర్లకు వాడే జీఐ (గాల్వనైజ్డ్ ఐరన్) పైపుకు తుప్పు పట్టకుండా కాపాడేది పైనున్న జింకు పూత. జింకు 419.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పైపులను కరిగిన జింకులో ముంచే గాల్వనైజింగ్ తొట్టిని మాత్రం 450 డిగ్రీల చుట్టుపక్కలే నడుపుతారు. అభ్యర్థులు అంకెను బట్టీ పట్టి కారణాన్ని వదిలేస్తారు, ప్రశ్న వచ్చేదేమో కారణం మీదే. తొట్టి ఉక్కుదే కాబట్టి కరిగిన జింకు, పైపుతో పాటు తొట్టినీ తింటుంది. 480 డిగ్రీలు దాటితే ఆ తినడం ఒక్కసారిగా పెరుగుతుంది. అలా జింకులోకి కరిగిన ఇనుము జింకుతో కలిసి డ్రాస్ అనే మడ్డిగా అడుగున పేరుకుంటుంది. ఆ డ్రాస్ స్ఫటికాల్లో సుమారు 94 శాతం జింకే, అంటే ఎక్కువగా పోయేది ఇనుము కాదు, ఖరీదైన జింకు.

వేడి పెంచితే జింకు పలచబడి బాగా జారుతుంది కదా అనవచ్చు. నిజమే. అందుకే బోల్టులు, నట్లను 550 డిగ్రీల దగ్గర ముంచే పద్ధతీ ఉంది, కానీ అక్కడ సిరామిక్ తొట్టి వాడతారు. మామూలు తొట్టిలో పూత నునుపుకు వేడి కన్నా చిటికెడు అల్యూమినియం, ముంచేముందు సరైన శుభ్రత, జింక్ అమ్మోనియం క్లోరైడ్ ఫ్లక్స్ మేలు. మన దేశంలో ఈ ప్రక్రియకు ఐఎస్ 2629, ఉక్కు నిర్మాణాల పూతకు ఐఎస్ 4759 ప్రమాణాలు.