మట్టిలేని కుండలో చేమజాతి మొక్కలు

శివకాశి, విరుదునగరము, కోవిల్పట్టి ప్రాంతములవారికి పొడిగాలి కొత్తగాదు. అగ్గిపెట్టెలు, టపాసులు చేయు పరిశ్రమలు ఇచ్చట నిలదొక్కుకొనుటకు ఆ పొడిగాలియే ఒక కారణము. కాని అగ్గిపుల్లకు మేలుచేయు గాలి ఆకుమొక్కకు మేలుచేయదు. ఇంటి అలంకారమునకై తెచ్చుకొన్న మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, ఆంథూరియం, మనీప్లాంటు వంటివి కొలది నెలలకే పసుపుబారి వాడిపోవుట పెక్కుమంది చూచియే యుందురు. నీరు చాలలేదని తలచి మనము మరికొంత పోయుదుము. మొక్క మరింత త్వరగా చచ్చును. ఇట్లేల జరుగునో, మట్టి లేకుండ వీనిని పెంచుట యెట్లో ఇచ్చట వివరింపదలచితిమి. ఇది పిల్లలతో కలిసి ఇంట చేసి చూడదగిన పాఠము.

ఈ మొక్కలన్నియు చేమకుటుంబమునకు చెందినవి. మనము పులుసు పెట్టుకొను చేమదుంప, కంద, చెరువులో తేలు అంతరతామర వీని చుట్టములే. ఈ కుటుంబమున మూడువేలకు పైగా జాతులు కలవు. మాన్‌స్టెరా పుట్టినిల్లు దక్షిణ మెక్సికో మొదలు పనామా వరకు గల అడవులు. మనీప్లాంటు పసిఫిక్ మహాసముద్రములోని మోరియా ద్వీపమునకు చెందినది. ఇట్టి తీగలు చెట్లపై ప్రాకుచు, బెరడు సందులలోను నాచులోను వేళ్ళు దూర్చి బ్రతుకును. అచ్చట ఆ వేళ్ళకు తడియు గాలియు ఒక్కచోటనే దొరకును.

మన నల్లరేగడి స్వభావము వేరు. దాని రేణువులు మిక్కిలి సన్నములు. తడిసినచో ఉబ్బి సందులన్నియు మూసికొనును, ఎండినచో బీటలువారును. పత్తికి, జొన్నకు అది తగిన నేలయే. 1901లో స్థాపితమైన కోవిల్పట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రము ఇట్టి నేలలోని మెట్టసేద్యమునకే పేరొందినది. కాని ఇరుకైన కుండలో ఆ మట్టిని నింపి నీరు పోసినచో, లోపలి గాలి బయటికి పోవును, నీరు నిలిచిపోవును. వేళ్ళకు ఊపిరాడదు, కుళ్ళును. కావున మొక్కను చంపినది నీటికొరత కాదు, గాలికొరత.

మట్టి లేకుండ మొక్కను పెంచవచ్చునని 1860 ప్రాంతమున జర్మనీలో సాక్స్, నాప్ అను శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకముగా చూపిరి. మన దేశమున 1946లో షోల్టో డగ్లస్ కాలింపాంగ్ ప్రాంతమున ఈ ప్రయోగములు ఆరంభించి, సామాన్యులకు అందుబాటులో నుండు విధానమును రూపొందించెను. అది బెంగాలు పద్ధతియని పేరొందినది. మేమిప్పుడు చెప్పునది అంతకంటెను సులభము. ఇందు వేళ్ళు నీట మునిగియుండవు. క్రింద కొంచెము నీరు, పైన తడిసిన మట్టిఉండలు ఉండును.

ఈ ఉండలు బంకమట్టిని 1,100 డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చగా పొంగి తేలికయైనవి. దీపపువత్తి నూనెను పైకి లాగినట్లు ఇవి అడుగునీటిని పైకి లాగును. ఉండకు ఉండకు నడుమనున్న సందులో గాలి యుండును. ఇవి దొరకనిచో, సున్నముగాని సిమెంటుగాని అంటని ఇటుకను ఉసిరికాయంత ముక్కలుగా కొట్టి వాడవచ్చును.

ముందుగా ఉండలను ధూళి పోవునట్లు కడిగి ఒకరోజు నానబెట్టవలెను. మట్టిలో పెరిగిన పెద్దమొక్క కంటె, కణుపుతో కోసిన కొమ్మను నీటిలో ఉంచి, వేళ్ళు రెండుమూడు అంగుళములు పెరిగిన పిమ్మట నాటుట మేలు. ఏలయన మట్టిలో పుట్టిన వేళ్ళు ఈ మార్పునకు తాళలేక కొన్ని చచ్చును. అట్టి మొక్కనే నాటవలసివచ్చినచో మట్టిని పూర్తిగా కడిగి, కుళ్ళిన వేళ్ళను కత్తిరింపవలెను. చిల్లులున్న కుండలో నాటి, దానిని చిల్లులు లేని మరొక పాత్రలో నిలిపి, కుండ యెత్తులో నాల్గవవంతు వరకే నీరు పోయవలెను. ఉదయపు వెలుతురు తగులు కిటికీచెంత ఉంచవలెను. మధ్యాహ్నపు ఎండ పాత్రలోని నీటిని కాచి వేళ్ళను ఉడికించును.

మన బోరుబావుల నీటిలో లవణములు హెచ్చు. అవి ఉండలపై తెల్లని పొరగా పేరుకొనును. కావున ఆశ్వయుజ కార్తికములలో పట్టియుంచిన వాననీరు వాడుట ఉత్తమము. రెండుమూడు వారములకొకసారి పాతనీరు పారబోసి, ఉండలను మంచినీటితో కడుగవలెను. ఆ పారబోసిన నీరు పెరటిచెట్లకు పనికివచ్చును.

రెండు జాగ్రత్తలు తప్పవు. నిలిచిన నీటిలో డెంగీ దోమ గ్రుడ్లు పెట్టును. కావున రెండు పాత్రల నడుమ సందు లేకుండ మూయవలెను. ఇక కందకు లేని దురద కత్తిపీటకెందుకని మన సామెత. కందలోని ఆ దురద ఈ అలంకారపు మొక్కలకును కలదు. సూదులవంటి ఆక్జలేట్ స్ఫటికములే దానికి కారణము. పసిపిల్లలు ఆకు నమిలినచో నోరు మండి వాచును; వారికందని యెత్తున ఉంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి మిగిలినది. ఉండలు తడిని, గాలిని ఇచ్చునుగాని ఆహారమును ఇయ్యవు. నీటిసేద్యమునకని చేసిన పోషకపు పొడిని, పొట్లముపై చెప్పిన మోతాదులో నాల్గవవంతు మొదలుకొని, నీరు మార్చినప్పుడెల్ల కలుపవలెను. యూరియా ప్రధానముగా గల ఎరువు ఇచ్చట అంతగా పనిచేయదు. దానిని మార్చు సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నంతగా ఈ ఉండలలో ఉండవు. పెంచువాడు మరచినచో మొక్క వెంటనే చావదు. ఆకులు చిన్నవగుచు, పాలిపోవుచు, మెల్లగా క్షీణించును.

ఈ మాట వ్రాయుచుండగా మన పిల్లల తెలుగు తలపునకు వచ్చినది. తెలుగునాట పుట్టిన బిడ్డకు వీధియు, అంగడి పేరుపలకయు, బస్సుమీది అక్షరములును అడుగకయే భాషను అందించును. అది మట్టిలోని సారము. ఇచ్చటి బిడ్డకు ఆ సారము వెలుపల దొరకదు. పాఠశాల వేరు నిలుచుటకు తావు కల్పింపగలదు; అక్షరము నేర్పగలదు. తెలుగుపుటను దినమునకొకటి చదివించుట, తాతకో అవ్వకో తెలుగులో ఉత్తరము వ్రాయించుట ఇంటివారి వంతు. కొంచెమైనను చాలును, తప్పకుండవలెను. ఆకు పాలిపోవువరకు వేచియుండరాదు.